పొగ గుండెను చేరిన త్రోవ

'పొమ్మనలేక పొగబెట్టినట్లు' అను సామెత తెలుగునాట పిల్లలకు సైతము తెలిసినదే. చుట్టమును లేపుటకు మాటకంటె పొగ మేలని మన పెద్దలు ఏనాడో గ్రహించిరి. కాని ఆ చుట్టము ఎందులకు లేచిపోవును? కన్నులు మండును, గొంతు గరగరలాడును, దగ్గుతెర వచ్చును. అంతటితో సరి. పొగను గూర్చిన మన పలుకుబడులు కన్ను, ముక్కు, గొంతు, రొమ్ములవద్దనే ఆగిపోయినవి. పొగ గుండెవరకును పోవునని సామెత చెప్పలేదు. సామెతనేల తప్పుపట్టవలెను? వైద్యశాస్త్రము సైతము ఆ మాట చెప్పుటకు చాలకాలము పట్టినది. ఆ ఆలస్యము యొక్క చరిత్రయే నేటి ప్రసంగవిషయము.

ఈ కథను ఉయ్యూరునుండి మొదలుపెట్టుదము. బెజవాడనుండి బందరుపోవు రోడ్డుమీద సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న ఈ యూరు ఒకనాడు జమీందారీ పట్టణము. తరువాత చెరకు పట్టణమైనది. 1932లో విదేశపు పంచదారపై రక్షణసుంకము విధింపబడగా దేశమున పంచదార మిల్లులు పుట్టగొడుగులవలె లేచినవి. 1933-35 సంవత్సరముల నడుమ స్థాపింపబడిన తొలి సహకార పంచదార కర్మాగారములు నాలుగింటిలో మూడు మన ఆంధ్రదేశమున వెలసినవే: తుమ్మపాల, ఏటికొప్పాక, ఉయ్యూరు. సహకారరంగమున ఉయ్యూరు మిల్లు నిలద్రొక్కుకొనలేకపోయినది. ఐ.సి.ఎస్. అధికారిగా పేరొందిన వెలగపూడి రామకృష్ణగారు 1941లో స్థాపించిన కె.సి.పి. సంస్థ దానిని చేపట్టి పెద్ద కర్మాగారముగా పెంచినది. డెల్టా రైతు వరి విడిచి చెరకు వేయుటకు ధైర్యము చేసినది ఆ గొట్టమును చూచియే.

పంచదార మిల్లునకు ఒక విశేషము కలదు. దానికి బొగ్గు అక్కరలేదు. 100 టన్నుల చెరకు ఆడించినచో సుమారు 30 టన్నుల పిప్పి మిగులును. ఆ పిప్పియే బాయిలరునకు మేత. అందులో గంధకము బహుస్వల్పము. బొగ్గుపొగ ఘాటు పిప్పిపొగకు లేదు. అందుచేత పిప్పిపొగను ఎవరును శత్రువుగా చూడలేదు. ఏ పంచదార మిల్లు ఊరినైనను అడుగుడు, గొట్టమునుండి పొగ లేచినదన్న క్రషింగు మొదలైనదని, బండ్లు కదలినవని, రైతు చేతికి డబ్బు వచ్చునని అర్థము. ఆరవేసిన బట్టలపై నల్లని నుసి రాలినచో గృహిణి విసుగుకొని దులుపుకొనెడిది. అంతకుమించి ఆ నుసిని గూర్చి విచారించినవారు లేరు. కంటికి కనబడు నుసి నిజముగా అంత ప్రమాదకరము కాదనియు, కనబడనిదే ప్రమాదకరమనియు తెలియుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది.

మిల్లు పొగ ఋతువునకు కట్టుబడినది. ఇంటిపొగకు ఋతువు లేదు. కృష్ణా డెల్టాలో అడవులు అరుదు. వంటచెరకు కొరత ఇచ్చట తరతరములది. తాటిమట్టలు, కొబ్బరిమట్టలు, కందికంప, మినపపొట్టు, వరి ఊక, అన్నిటికంటె మిన్నగా పిడకలు, ఇవియే పొయ్యిలోనికి పోయినవి. పాలు కాగుటకు దాలి రోజంతయు రాజుకొనుచునే యుండెడిది. పచ్చికట్టె అంటుకొననప్పుడు ఊదుగొట్టముతో ఊదవలెను. ఊదిన ప్రతిసారియు తిరిగి పీల్చవలెను గదా! ఆ పీల్చుట పొయ్యికి జానెడు దూరమున జరుగును. అటకమీది మసిని సంక్రాంతికి ముందు దులిపెడివారు. ఊపిరితిత్తులలోని మసిని దులుపుట ఎవరి తరము?

పొగపై మానవుని ఫిర్యాదు పాతదే. 1661లోనే జాన్ ఎవెలిన్ అను ఆంగ్ల రచయిత లండను పొగను నిందించుచు ఒక పొత్తము వ్రాసి రాజునకు సమర్పించెను. మన దేశమున 1905లో బెంగాలునందు, 1912లో బొంబాయినందు పొగపీడా నివారణ చట్టములు వచ్చినవి. ఆ శాసనముల దృష్టి అంతయు కంటిదే. పొగ ఎంత నల్లగా నున్నదనునదే నేరమునకు కొలబద్ద. గొట్టమువైపు చూచి, చేతిలోని పటములోని నలుపు చారలతో పోల్చి తీర్పు చెప్పుట ఆనాటి పద్ధతి. పల్లెటూరి పొయ్యిని ఏ శాసనమును చూడలేదు.

గుండెమాట మొదట వినబడినది విపత్తుల నడుమ. 1930 డిసెంబరులో బెల్జియము దేశపు మ్యూజ్ లోయలో కర్మాగారముల పొగ మంచుక్రింద చిక్కుకొని సుమారు 60 మంది చనిపోయిరి. 1948 అక్టోబరులో అమెరికాలోని డొనోరా పట్టణమున 20 మంది చనిపోయిరి. అటుపిమ్మట 1952 డిసెంబరు 5వ తేదీనుండి 9వ తేదీవరకు లండను నగరమును పొగమంచు కప్పినది. (మన విజయవాడ రేడియో కేంద్రమునకు అప్పటికి నాలుగేండ్ల వయస్సు.) పగటివేళనే బస్సుల ముందు దీపములు పట్టుకొని నడచిరి. ఆ వారమున నగరమందు జరుగుచున్న పశుప్రదర్శనకు తెచ్చిన మేలుజాతి పశువులు కొన్ని కూలబడి చచ్చినవి. పత్రికలు ముందుగా వ్రాసినది ఆ పశువులను గూర్చియే. మనుష్యుల లెక్క తరువాత తేలినది. ఆనాటి ప్రభుత్వపు లెక్క 4,000. పిమ్మట పరిశోధకులు దానిని 12,000 వరకు పెంచిరి.

ఆ మరణముల పట్టికలో శ్వాసకోశవ్యాధులు ముందుండుట సహజమే. దాని క్రిందిపంక్తిలో గుండెజబ్బు మరణములు సైతము మామూలుకంటె మిక్కిలి హెచ్చుగా నున్నవి. అయినను వైద్యులు వాటికి చెప్పుకొనిన సమాధానము సులభమైనది: అసలే బలహీనమైన గుండె, ఊపిరాడక ఆగినది, దోషము ఊపిరితిత్తులదే. ఆ సమాధానము సగము సత్యము. సగము సత్యమునకు ఆయువు ఎక్కువ. 1956లో బ్రిటనులో స్వచ్ఛవాయు చట్టము వచ్చినది. బొగ్గుపొగ తగ్గినది. గుండెను గూర్చిన ప్రశ్న మాత్రము అట్లే నిలిచిపోయినది.

అదే దశాబ్దమున ఢిల్లీలో ఒక వైద్యురాలు ఆ ప్రశ్నను మరియొక వైపునుండి పట్టుకొనిరి. ఆమె శివరామకృష్ణ అయ్యర్ పద్మావతి. 1917లో బర్మాలో పుట్టి, రంగూనులో వైద్యము చదివి, యుద్ధకాలమున జపాను సేనలు రాగా తల్లితోను అక్కచెల్లెండ్రతోను భారతదేశమునకు తరలివచ్చి, పిమ్మట ఇంగ్లండు, అమెరికాలలో హృదయవైద్యము నేర్చినవారు. బోస్టనులో ప్రసిద్ధ హృద్రోగ నిపుణుడు పాల్ డడ్లీ వైట్ ఆమె గురువులలో నొకరు. 1950లలో ఢిల్లీ లేడీ హార్డింజి వైద్యకళాశాలలో హృద్రోగవిభాగమును నెలకొల్పిరి. ఆ ఆసుపత్రి స్త్రీలది. వచ్చు రోగులు పేదలు. వారిలో ఒక వింత ఆమె కంటబడినది.

కాళ్ళు పొంగి, పొట్ట నీరుపట్టి, పెదవులు నీలితిరిగి వచ్చు స్త్రీలకు గుండె కుడిభాగము సాగి దెబ్బతినియున్నది. పాశ్చాత్యదేశములలో ఇట్టి రోగము ఏండ్లతరబడి పొగత్రాగిన ముదుసలి పురుషులకు వచ్చును. ఇచ్చట రోగులు చిన్న వయస్సు స్త్రీలు. వారిలో చుట్టలు, బీడీలు ముట్టినవారు అరుదు. మరి పొగ ఎక్కడనుండి వచ్చినది? పిడకల పొయ్యినుండి! పద్మావతిగారును సహచరులును 1959లో 127 మంది రోగుల వివరములతో ఒక వ్యాసమును అమెరికా హృద్రోగ పత్రికలో ప్రకటించిరి. పొగత్రాగు అలవాటు పురుషులలో విస్తారముగా నుండి, స్త్రీలలో స్వల్పముగా నున్నను, ఈ రోగము ఇరువురిలోను దాదాపు సమానముగా నున్నదని వారి పరిశీలనలు చూపినవి.

దీని యంత్రాంగమును స్థూలముగా చెప్పవచ్చును. గుండె కుడివైపు గది చెడురక్తమును ఊపిరితిత్తులకు నెట్టును. ఏండ్లతరబడి పొగకు లోనైన ఊపిరితిత్తులలో సన్నని రక్తనాళములు కుంచించుకొనిపోవును. ఇరుకైన కాలువలోనికి నీరు తోడు మనిషివలె ఆ గది అధికశ్రమ చేసి, కండ మందమై, కడపట సాగిపోవును. పద్మావతిగారు 2020లో తమ 103వ యేట కన్నుమూసిరి. పత్రికలన్నియు ఆమెను దేశపు తొలి మహిళా హృద్రోగ నిపుణురాలని కీర్తించినవి. ఆ కీర్తి తగినదే. కాని నా దృష్టిలో ఆమె చేసిన అంతకంటె గొప్పపని, వంటయింటిని గుండెజబ్బు చరిత్రలోనికి తెచ్చుట. ఆ పనికి తగిన వినికిడి ఆనాడు లభించలేదు. పొయ్యిని మార్చవలెనని ఏ ప్రణాళికయు వెంటనే కదలలేదు. స్త్రీల దగ్గు ఇంటిదగ్గు, దానికి కషాయమే మందు!

ఇప్పటివరకు చెప్పినది ఊపిరితిత్తుల ద్వారమున కుడిగుండెకు చేరిన హాని. గుండెపోటు కథ వేరు. దానికి మూలము గుండెకు రక్తమునందించు నాళములలో క్రొవ్వు పేరుకొని పూడుకొనుట. పొగకును గుండె, ఊపిరితిత్తుల మరణములకును సంబంధము కలదని చూపినది 1993లో వెలువడిన హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధన. అమెరికాలోని ఆరు పట్టణములలో 8,111 మంది పెద్దలను 14 నుండి 16 సంవత్సరములు అనుసరించిరి. ఉక్కు కర్మాగారములకు నెలవైన స్టూబెన్‌విల్ వాసులలో మరణములరేటు, స్వచ్ఛమైన పోర్టేజి వాసులకంటె 26 శాతము ఎక్కువగా నుండెను. పొగత్రాగుడు, బరువు, చదువు మున్నగువాని ప్రభావమును తీసివేసిన పిమ్మటి లెక్క యిది. ఆ హెచ్చుదలలో గుండె, ఊపిరితిత్తుల మరణములదే పెద్దపాలు.

దోషి ఎవరు? నల్లని నుసి కాదు. 2.5 మైక్రానులకు లోపడిన ధూళికణము. తలవెండ్రుక మందములో ముప్పదవవంతు కూడ లేని ఈ కణములను ముక్కులోని వెండ్రుకలు గాని, గొంతులోని జిగురు గాని ఆపలేవు. అవి గాలితిత్తుల అడుగునకు దిగి వాపు పుట్టించును. ఆ వాపు సంకేతములు రక్తములో ప్రవహించి నాళముల లోపలిపొరను గరుకుచేయును, రక్తము చిక్కబడి గడ్డకట్టు స్వభావమును పెంచును, గుండెలయను నడుపు నాడులను కలవరపెట్టును. అంతకంటె సూక్ష్మమైన కణములు సరాసరి రక్తములోనికే దాటగలవు. 2007లో ఎడింబరో పరిశోధకులు, మునుపు గుండెపోటు వచ్చి కోలుకొనిన 20 మంది పురుషులను పలుచని డీజిలు పొగలో వ్యాయామము చేయించి, మంచిగాలిలోకంటె అప్పుడు వారి గుండెకు రక్తము చాలకుండుట అధికమగునని చూపిరి. 2017లో అదే నగరమున మరియొక ప్రయోగము జరిగినది. హానిలేని బంగారు రేణువులను పీల్పించి చూడగా అవి కొలదికాలములో రక్తమునందు కనబడినవి. పూడిన నాళములనుండి తీసిన క్రొవ్వుపెంటలలో సైతము దొరికినవి. ఆయుర్వేదమున స్వర్ణభస్మమునకు ఖ్యాతి కలదు గాని, బంగారము ఇట్టి సాక్ష్యము చెప్పుట ఇదే మొదలనుకొందును.

అమెరికా హృద్రోగ సంఘము 2004లో ఈ విషయమున మొదటి ప్రకటన చేసి, 2010లో మరింత గట్టిగా, ధూళికణములు గుండెజబ్బునకు కారణమే యని చెప్పినది. అన్ని ఋజువులును సమానబలము గలవి కావని కూడ చెప్పవలెను. 1990లో డబ్లిను నగరమున పొగబొగ్గు అమ్మకమును నిషేధించినపిమ్మట గుండె మరణములు పదవవంతు తగ్గినవని 2002లో ప్రకటించిరి. 2013లో తిరిగి లెక్కించగా, శ్వాసకోశ మరణములు తగ్గినమాట నిలిచినది గాని, గుండె మరణముల తగ్గుదలను నిషేధమునకే ఆపాదింపలేమని తేలినది. ఆ కాలమున దేశమంతటను గుండె మరణములు తగ్గుచునే యుండెనట.

ఈ పరిశోధనలన్నియు పట్టణములవి, అందును చలిదేశములవి. పల్లెగాలి స్వచ్ఛమని కవులు చెప్పిరి, శాస్త్రజ్ఞులును నమ్మిరి. ఆ నమ్మకమును పరీక్షించినది మన తెలుగు పల్లెలలోనే యగుట విశేషము. 1987-90 సంవత్సరములలో హైదరాబాదు సమీపమునగల కొన్ని గ్రామములలో గర్భిణులకును శిశువులకును అదనపు ఆహారము పెట్టి, దాని ఫలితమును జాతీయ పోషకాహార సంస్థ వారు పరిశీలించిరి. ఆ పిల్లలు పెరిగి పెద్దలైన పిమ్మట వారిని, వారి తలిదండ్రులను, తోబుట్టువులను తిరిగి వెదకి పరీక్షించుట మొదలైనది. 'ఆంధ్రప్రదేశ్ బాలలు, తలిదండ్రుల అధ్యయనము' అని దానికి పేరు. అన్నము కొరకు మొదలైన పరిశోధన కాలక్రమమున గాలివైపు తిరిగినది. స్పెయినులోని బార్సిలోనా పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞురాలు క్యాథ్రిన్ టోన్ నాయకత్వమున, మన సంస్థల సహకారముతో, ఇప్పటి తెలంగాణలోని 28 గ్రామములలో గాలిని కొలిచిరి. గ్రామస్థులకు కొలత పరికరములు తగిలించిరి. చిన్న కెమెరాలను సైతము మెడలో వేసిరి. ఏ పని చేయుచుండగా పొగ ఎంత పీల్చుచున్నారో తెలియవలెను గదా! స్త్రీలకు ఆ శిఖరములు వంటవేళలలో, పురుషులకు ప్రయాణములలోను, ధూమపానమునను, కర్మాగారపు పనులలోను కనబడినవి.

ఆ గ్రామములలో సూక్ష్మధూళి వార్షిక సగటు ఘనపుమీటరునకు సుమారు 33 మైక్రోగ్రాములు. పాల్గొన్నవారిలో సుమారు నూటికి 60 మంది ఇండ్లలో కట్టెలు, పిడకలవంటివే వంటచెరకు. 2019లో ప్రకటించిన ఫలితములో, ధూళి అధికమైనచోట స్త్రీల రక్తపోటు అధికముగా నున్నట్లు తేలినది. 2020లో 3,372 మందిని గూర్చి మరియొక ఫలితము వెలువడినది. మెడలో మెదడునకు రక్తము తీసికొనిపోవు నాళపు గోడమందమును శబ్దతరంగములతో కొలిచిరి. అది గుండెపోటునకు, పక్షవాతమునకు ముందుగురుతు. గాలి మురికియైన గ్రామమున ఆ గోడ మందము. నలుబది దాటినవారిలో ఈ సంబంధము మరింత ప్రస్ఫుటము.

ఇచ్చట ఒక చిక్కు కలదు. మన దేశమున 2009లో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము సూక్ష్మధూళి వార్షిక సగటు 40 మైక్రోగ్రాములకు లోపడియున్న గాలి మంచిగాలియే. 33 అనగా చట్టముదృష్టిలో నిర్దోషి! ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో తన హద్దును 5కు దించినది. 5కును 40కిని నడుమనున్న ఆ అంతరములోనే మన పల్లెలు శ్వాసించుచున్నవి. పేదదేశము ఒక్కసారిగా 5ను అందుకొనలేదను వాదము సబబే. అయినను రక్తనాళమునకు ఆ వాదము తెలియదు. 2019లో దేశమున 16 లక్షల 70 వేల మరణములు వాయుకాలుష్యమునకు ఆపాదింపబడినవి. మరణములలో అది ఆరింట ఒకవంతునకు పైమాట.

డెల్టాకు తిరిగివత్తము. బెజవాడకు కొండలు ఒడ్డాణము. ఇబ్రహీంపట్నమున 1979లో మొదలైన బొగ్గు విద్యుత్కేంద్రము, లారీల రద్దీ, నిరంతర నిర్మాణముల దుమ్ము. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వము చేపట్టిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమమున ప్రమాణములనందుకొనని నగరముల జాబితాలో విజయవాడ పేరు చేరినది. నగరమునకు కొలతలేని రోజు లేదు. ఆ రోడ్డునే 30 కిలోమీటర్లు దిగివచ్చిన పల్లెల సంగతి వేరు. చెరకు నరికినపిమ్మట కార్శి తోట పిలకలువేయుటకు ఎండుటాకును చేనిలోనే తగులబెట్టుట పాత అలవాటు. వరిగడ్డి మునుపు పశువుల మేతగా వామి చేరెడిది. కోతయంత్రములు వచ్చి, పశువులు తగ్గినపిమ్మట, కొయ్యకాళ్ళకు నిప్పుపెట్టుట పెరిగినది. ఇది హృదయమునకు సంబంధించిన విషయమా యని అడుగువారికి బ్రెజిలు దేశపు అరరాక్వారా పట్టణము సమాధానము. అదియు ఉయ్యూరువలె చెరకుసీమయే. చెరకుతోటలు తగులబెట్టుకాలమున రక్తపోటు రోగులు ఆసుపత్రులలో చేరుట హెచ్చగుచున్నదని అచ్చటి వైద్యులు 2010లో ప్రకటించిరి. ఆ రాష్ట్రము 2002లోనే చెరకు తగులబెట్టుటను క్రమముగా మాన్పించుటకు శాసనము చేసియున్నది.

వంటయింటి పొగ విషయమున మన రాష్ట్రము దేశమునకు దారిచూపినదనుట అతిశయోక్తి కాదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'దీపం' పథకమున పొదుపుసంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షనులిచ్చినది. కేంద్రపు ఉజ్జ్వల పథకము వచ్చినది 2016లో. అయితే ఇచ్చిన సిలిండరు వేరు, తిరిగి నింపించుకొను సిలిండరు వేరు. ధర పెరిగినపుడెల్ల గ్యాసు కాఫీకిని, చుట్టములు వచ్చినరోజునకును పరిమితమగును. అన్నము ఉడుకునది పెరటిలో. వంటయంతయు గ్యాసుమీదనే చేయు ఇండ్లలో సైతము నీళ్ళపొయ్యి చాలకాలము పోలేదు. స్నానపునీళ్ళకు ఇంత ఖరీదైన మంటయెందులకని పెద్దల వాదన. ఆ పొయ్యి వెలుగునది తెల్లవారుజామున. వీరమ్మతల్లి తిరునాళ్ళ జరుగు మాఘమాసమునాటి చలిలో, నేలను ఆనుకొనియున్న చల్లనిగాలిపై వెచ్చనిగాలి మూతవలె కూర్చుండియుండును. పొగ పైకి లేవదు. కాలువగట్టు వెంబడి ఇంటి పొగయు, మిల్లు పొగయు, చేని పొగయు ఒక్క తెల్లనిచారయై మంచుతో కలసి నిలిచియుండును. ఎనిమిదిగంటలకు ఎండ ముదిరినపిమ్మట గాని అది విడిపోదు. అప్పటికి నీళ్ళు కాగి, వంటయై, పిల్లలు బడికి బయలుదేరి యుందురు.